ఆకుకు ఆక్రిలిక్, రేకుకు పాస్టెల్

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేటకు విరామం. ఆ 61 రోజులూ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పడవలకు మరమ్మతులు సాగుతాయి. పాత పెయింటు గీకి కొత్త రంగులు వేస్తారు. ఊళ్లో మల్లెలు విరగబూసేదీ ఆ రోజుల్లోనే. జూన్ సగంలో పడవలు మళ్లీ సముద్రం మీదికి బయలుదేరేటప్పుడు గంగమ్మకు పూజ చేసి, కొబ్బరికాయ కొట్టి, పడవ ముక్కుకు బంతిపూల దండ కడతారు. కొత్తదనం ఇంకా పోని నీలం ఎనామిల్ మీద నారింజరంగు బంతి. ఒకటి పడిన వెలుగును పడినట్టే తళుక్కున తిప్పికొట్టే పొర. రెండోది వెలుగును లోపలికి తీసుకుని, మెత్తగా నలుదిక్కులకూ వదిలే రేకుల ముద్ద. ఈ రెండింటినీ ఒకే చిత్రంలో ఉన్నవి ఉన్నట్టు చూపాలంటే ఒకే రకం రంగు చాలదు. అడుగున ఆక్రిలిక్, పైన సాఫ్ట్ పాస్టెల్ కలిపి వాడే పద్ధతి మన పూల చిత్రాలకు అన్నివిధాలా తగినదని, దానికి మన బడుల్లోనూ ప్రదర్శనల్లోనూ చోటివ్వాలని నా వాదన.

ఇది చిత్రకారులు తమలో తాము తేల్చుకోవలసిన పనితనపు సంగతి, పత్రికలో దీనికి చోటెందుకు అనిపించవచ్చు. కానీ ఏ రంగు గొప్పది, ఏది తక్కువది అనే అభిప్రాయాలు చిత్రకారుల గదుల్లో పుట్టవు. పిల్లల డ్రాయింగ్ పోటీల నిబంధనల్లో పుడతాయి. బడి తెరిచే రోజుల్లో కొనే రంగుల డబ్బాతో స్థిరపడతాయి. బొమ్మ కొనడానికి వచ్చినవారు అడిగే మొదటి ప్రశ్నతో గట్టిపడతాయి. ఆయిల్ అంటే పెద్దపీట, నీటిరంగు అంటే నాజూకు, ఆక్రిలిక్ అంటే త్వరగా తెమిలే పని, పాస్టెల్ అంటే పిల్లల ఆట అనే వరుస మన మనసుల్లో ఎప్పుడో కుదురుకుంది. పూల బొమ్మల విషయంలో ఈ వరుస చేసిన నష్టం ఎక్కువ. పువ్వుకు రంగు ఎలా వస్తుందో తెలిస్తే దాన్ని దేనితో చిత్రించాలన్న ప్రశ్న సగం తేలిపోతుంది. మన లెక్కల్లో ఆ సంగతి అడిగేవారే లేరు.

ఒక మల్లెరేకును రెండు వేళ్ల మధ్య గట్టిగా నలిపి చూస్తే తెలుపు పోయి, తడిసి, అవతలివైపు కనబడేంత పలచన అవుతుంది. ఆ తెలుపు ఎటు పోయింది? నిజానికి మల్లెలో తెల్లరంగు పదార్థమంటూ ఏదీ లేదు. రేకు లోపల కణాల మధ్య సన్నని గాలి ఖాళీలు ఉంటాయి. లోపలికి వెళ్లిన వెలుగు కణం నుంచి గాలికి, గాలి నుంచి కణానికి మారిన ప్రతిచోటా వంగి, చెదిరి, తిరిగి బయటికి వస్తుంది. అలా చెదిరి వచ్చిన వెలుగే మన కంటికి తెలుపు. నలిపినప్పుడు గాలి పోయి ఆ ఖాళీల్లో రసం నిండుతుంది. చెదరడం ఆగుతుంది, తెలుపు మాయమవుతుంది. రంగుపూలలోనూ ఏర్పాటు ఇదే. బంతికి కెరోటినాయిడ్లు, మందారానికి ఆంథోసయనిన్లు రంగునిస్తే, వాటిని దాటి లోపలికి పోయిన వెలుగును ఈ గాలి ఖాళీలే వెనక్కి తోస్తాయి. పైగా చాలా పూల రేకుల మీది కణాలు చదునుగా ఉండవు. కంటికి కనబడనంత చిన్న శంకువుల్లా నిక్కి ఉంటాయి. గులాబీ రేకుకు ముఖమల్ లాంటి నిగారింపు వాటివల్ల వచ్చిందే. ఆకు సంగతి వేరు. దాని మీద మైనపు పూత ఉంటుంది. నీటిబొట్టు నిలవదు, వెలుగు మెరిసి జారిపోతుంది. ఒకే కొమ్మ మీద రెండు వేరువేరు ఉపరితలాలు ఉన్నాయన్నమాట.

సాఫ్ట్ పాస్టెల్ పనిచేసే తీరు అచ్చం పూరేకుదే. రంగుపొడి, మెత్తని సుద్ద, ముక్క చేతిలో విరిగిపోకుండా నిలబెట్టేంత కొద్దిపాటి జిగురు తప్ప అందులో వేరే ఏమీ ఉండదు. గరుకు కాగితం మీద రాస్తే రేణువులు ఆ గరుకులో ఇరుక్కుని నిలుస్తాయి, వాటి నడుమ గాలి మిగిలిపోతుంది. వెలుగు ఆ రేణువుల మధ్య చెదిరి బయటికి వస్తుంది కాబట్టే పాస్టెల్ రంగు లోపలినుంచి వెలుగుతున్నట్టు కనిపిస్తుంది. గాలి చేసే ఈ మేలు ఎంతటిదో సున్నం వేసిన గోడను చూసినవారందరికీ తెలుసు. తడిగా ఉన్నంతసేపు గోడ వెలవెలబోతూ ఉంటుంది. నీరు ఆరి దాని చోట గాలి చేరాకే తెలుపు తేలుతుంది. అదే సుద్దను నూనెలోనో రెజిన్‌లోనో ముంచితే దాని తెలుపు చాలావరకు పోయి, దాదాపు పారదర్శకమైన పిండి మిగులుతుంది. మల్లెను తెల్లగా ఉంచేదీ, పాస్టెల్ సుద్దను తెల్లగా ఉంచేదీ ఒకే కారణం. ఈ పోలిక కవిత్వం కోసం చెప్పినది కాదు, భౌతికశాస్త్రం చెప్పినది.

ఆక్రిలిక్ దీనికి ఎదురు దారిలో నడుస్తుంది. నీటిలో తేలే కృత్రిమ రెజిన్ బిందువులు, నీరు ఆవిరైనకొద్దీ ఒకదానికొకటి అతుక్కుని విడదీయడానికి వీల్లేని ఒకే పొర అవుతాయి. నీటితో కలుపుకునే ఈ రంగులు చిత్రకారులకు అందుబాటులోకి వచ్చింది 1950ల నడుమ, అమెరికాలో. అక్కడి నుంచి ప్రపంచమంతా పాకాయి. ఆరిన ఆక్రిలిక్ పొరలో ప్రతి రంగు రేణువూ రెజిన్‌లో మునిగి ఉంటుంది. రేణువు చుట్టూ గాలి లేదు కాబట్టి వెలుగు చెదరడం తక్కువ, ముదురురంగుకు లోతు ఎక్కువ. నీలం నిజంగా నీలమవుతుంది, నలుపు నిజంగా నలుపవుతుంది. మెరుపు, తడి, నున్నదనం దాని సొత్తు. హార్బర్‌లో డీజిల్ తెట్టు కట్టిన నీళ్లు, కడిగిన పడవ బల్ల, ఐసుముక్కల మధ్య చేపల పొలుసు, కొత్త ఎనామిల్ పూసిన పడవ పక్క, మందారం ఆకు మీది నిగనిగ, ఇవన్నీ ఆక్రిలిక్ పలికించగల విషయాలు. పాస్టెల్‌తో వాటిని సూచించవచ్చు కానీ ఆ తడిని చూపలేం. నల్ల పాస్టెల్ ఎంత ఒత్తి రాసినా రేణువుల మధ్య చెదిరిన వెలుగు కొంత కలిసి బూడిదచాయ తగులుతుంది.

అందువల్ల ఈ రెండూ ఒకదానికొకటి పోటీ కావు, ఒకటి చేయలేని పని రెండోది చేస్తుంది. పూల చిత్రమంతా ఆక్రిలిక్‌తోనే వేసినప్పుడు రేకులు ప్లాస్టిక్ పూలలా బిగుసుకున్నాయనే ఫిర్యాదు తరచు వినబడుతుంది. చేయి తిరగకపోవడం వల్ల అలా జరిగిందని వేసినవారిని తప్పుపడతాం. చాలాసార్లు తప్పు చేతిది కాదు, పొరది. మెరుపు లేని మ్యాట్ ఆక్రిలిక్ దొరుకుతుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. దొరుకుతుంది, మంచిదే. కానీ అందులో మెరుపు తగ్గించే పొడి పొర పైభాగాన్ని గరుకు చేసి వెలుగును కొంత చెదరగొడుతుందే తప్ప రంగు రేణువును రెజిన్ నుంచి బయటికి తీయదు. రేణువు మునిగే ఉంటుంది. పైపెచ్చు ముదురురంగుల మీద తెల్లని మసక కమ్ముతుంది. మెరుపు పోయింది, లోతూ పోయింది, పూరేకు మాత్రం రాలేదు. మెరిసేచోట మెరిసే పదార్థాన్ని, పొడిబారిన మెత్తదనం కావలసినచోట పొడినే వాడటం అంతకంటే సూటి మార్గం.

పద్ధతిలో వరుస ముఖ్యం. ఆక్రిలిక్ ఎప్పుడూ అడుగున, పాస్టెల్ ఎప్పుడూ పైన. తిరగేస్తే రెండూ చెడతాయి. వదులుగా ఉన్న పొడి మీద ఆక్రిలిక్ పట్టు నిలవదు, పొడి తడిలో కలిసి మామూలు పెయింటు అయిపోతుంది. రెండో నియమం గరుకు. ఆరిన ఆక్రిలిక్ నున్నటి పొర, దాని మీద పాస్టెల్ ముక్క జారిపోతుంది. అందుకని పువ్వు వచ్చే చోట మాత్రం ఆక్రిలిక్ మీడియంలో మెత్తటి పాలరాతి పొడి గానీ ప్యూమిస్ పొడి గానీ కలిపి పలచగా పూసి ఆరనివ్వాలి. ఆకులకు, పడవకు, నీళ్లకు ఆ పూత అక్కరలేదు. సముద్రతీరపు ఊరు గనుక ఇసుక కలిపితే పోతుందిగా అనే ఆలోచన రావచ్చు, అది ప్రమాదం. బీచ్ ఇసుకలో ఉప్పు ఉంటుంది, ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది, తేమ చిత్రాన్ని తినేస్తుంది.

పడవ ముక్కు మీది బంతిదండనే దగ్గరగా చూద్దాం. ముందు పడవ నీలాన్ని ఆక్రిలిక్‌తో రెండు మూడు పలచటి పూతలుగా వేసి, దండ నీడ పడేచోట ఇంకా ముదురు చేస్తారు. దండ ఆకారమంతటా ఎరుపు కలిసిన గోధుమరంగు ఆక్రిలిక్ పూసి, దాని మీద గరుకు పూత వేస్తారు. బంతిలో కంటికి ముందు కనబడేది పసుపే అయినా, పువ్వుకు గుండ్రదనం ఇచ్చేది రేకుల సందుల్లోని ఆ ముదురు గోధుమ ఎరుపు. అది అడుగు పూతలోనే వచ్చేసింది కాబట్టి దాన్ని ముట్టుకోనక్కరలేదు. ఇక పాస్టెల్ పని. ముదురు నారింజ ముక్కను అడ్డంగా పట్టి, రేకుల గుంపులను తేలికగా తాకాలి. తర్వాత లేత నారింజ, ఆపైన పసుపు, చివరికి ఎండ తగిలే అంచుల్లో మాత్రం నిమ్మపండు పసుపు. ప్రతి పూతా కింది పూతను పూర్తిగా కప్పకుండా సందులు వదలాలి. వేలితో రుద్దాలనే తహతహను ఆపుకోవాలి. రుద్దితే పొడి గరుకులో కూరుకుపోతుంది, రేణువుల మధ్య గాలి పోతుంది, నలిపిన మల్లెకు పట్టిన గతే ఈ బంతికీ పడుతుంది. చాలామంది పాస్టెల్ అంటే రుద్దడమే అనుకుంటారు. పువ్వుకు మాత్రం రుద్దడం శత్రువు.

ఈ అడుగుపూత, పైపూత తర్కం హార్బర్‌కు కొత్తది కాదు. పడవకు రంగు వేసేవారు నేరుగా డబ్బా మూత తీసి పని మొదలుపెట్టరు. గీకుతారు, పగుళ్లు పూడుస్తారు, ప్రైమర్ వేస్తారు, ఆ తర్వాతే పైరంగు. ఉప్పునీటిని ఆపే పని ఒక పూతది, కంటికి కనబడే పని ఇంకో పూతది. రెండూ ఒకే డబ్బా నుంచి రావాలని ఎవరూ పట్టుబట్టరు, అలా రాకపోవడం పడవకు తక్కువతనమనీ అనుకోరు. చిత్రం దగ్గరికి వచ్చేసరికే మనకు ఆ వివేకం సన్నగిల్లుతుంది.

ఇక అభ్యంతరాలు. మొదటిది శుద్ధి గురించినది. ఒక మాధ్యమాన్ని ఎంచుకుంటే దాని పరిమితుల్లోనే గెలవాలి, కలగలుపు అంటే చేతకానితనానికి ముసుగు అని కొందరు పెద్దల మాట. ఈ మాటలో కొంత నిజం ఉంది. రెండు రకాల రంగులు వాడినంత మాత్రాన చిత్రం గొప్పదైపోదు. కానీ చరిత్ర ఈ శుద్ధి నియమాన్ని బలపరచదు. ఫ్రెంచి పాస్టెల్ చిత్రకారుల్లో అగ్రగణ్యుడైన మోరిస్ క్వాంటాన్ ద లా తూర్ 1755లో ప్రదర్శించిన మదాం ద పోంపదూర్ చిత్రంలో పాస్టెల్‌కు తోడు గువాష్ అనే చిక్కటి నీటిరంగు మెరుపులు ఉన్నాయి. ఎడ్గార్ దెగా మోనోటైప్ ముద్రల మీద పాస్టెల్ వేశాడు, గువాష్‌నూ జిగురురంగులనూ పాస్టెల్‌తో కలిపాడు, పొర మీద పొర కట్టాడు. మాధ్యమం శుద్ధిగా ఉందా లేదా అని ఆ చిత్రాల ముందు నిలబడినవారు అడగరు. చాలా ఏళ్లు బొగ్గుతోనూ లితోగ్రాఫ్‌తోనూ నలుపులోనే పనిచేసిన ఒదిలోన్ రెదోన్ రంగుల్లోకి వచ్చి, చివరి దశలో పూలకుండీలను ఎన్నోసార్లు పాస్టెల్‌లో వేశాడు. ఆ నలుపు అనుభవమే ఆ పూల వెనక లోతుగా నిలిచిందని నా అభిప్రాయం. ముదురు అడుగు లేకపోతే పూల వెలుగు తేలదు.

అంత దూరం పోనక్కరలేదు. శ్రీకాళహస్తి కలంకారీలో ఒక పువ్వు పూర్తి కావడానికి ఎన్ని రకాల పదార్థాలు, ఎన్ని రకాల చర్యలు అవసరమవుతాయో చూస్తే చాలు. గుడ్డను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నానబెడతారు. రంగు అటూఇటూ పాకకుండా ఆపేది అదే. నలుపు బెల్లం నీటిలో ఊరిన ఇనుము నుంచి వస్తుంది. ఎరుపు పటిక పట్టు మీద నిలుస్తుంది. నీలం దారి ఇంకొకటి. ప్రతి రంగుకూ దానికి తగిన రసాయనం, దానికి తగిన వరుస. దీన్ని కలగలుపు పని అని ఎవరూ తీసిపారేయలేదు, పనితనం అన్నారు. మాధ్యమ శుద్ధి అనే పట్టింపు మన చేతిపనుల సంప్రదాయంలోనిది కాదు. పోటీల దరఖాస్తులో మాధ్యమం అనే గడి ఇరుకుగా ఉండటం వల్ల వచ్చింది. తెలుగు చిత్రకారుల్లో కె. లక్ష్మాగౌడ్ పాస్టెల్‌ను ఎంత గట్టిగా పలికించారో, తోట వైకుంఠం ఆక్రిలిక్‌లో చదునైన నిండురంగులను ఎంత ధైర్యంగా నిలిపారో మనకు తెలుసు. రెండు మాధ్యమాలూ మనవయ్యాయి. రెండింటినీ ఒకే కాగితం మీదికి తెచ్చి పువ్వు ముందు కూర్చోవడం ఆ తర్వాతి అడుగు.

రెండో అభ్యంతరం మన వాతావరణం గురించి, ఇది అన్నింటికన్నా బరువైనది. విశాఖలో ఏడాదిలో ఎక్కువ కాలం గాలిలో తేమ ఉంటుంది, ఆ గాలిలో ఉప్పు ఉంటుంది, బొగ్గూ ఇనుపఖనిజమూ దిగి ఎక్కే ఓడరేవు గనుక ధూళీ ఉంటుంది. పొడిలా నిలిచే పాస్టెల్ ఇక్కడ బతుకుతుందా? గాలిలో తేమ 65, 70 శాతం దాటి చాలాకాలం నిలిస్తే కాగితానికి, జిగురుకు బూజు పట్టడం ఖాయం. కాబట్టి భయం నిజమే. కానీ ఈ పద్ధతిలో ఆ భయం తగ్గుతుంది, పెరగదు. ఇక్కడ పాస్టెల్ కింద ఉండవలసింది వట్టి కాగితం కాదు, రెండువైపులా ఆక్రిలిక్ పూసిన గట్టి బోర్డు. బూజుకు తిండి తగ్గింది, తేమకు కాగితం ఉబ్బి ముడతపడటం తగ్గింది. అద్దం లేకుండా వేలాడదీసిన ఆక్రిలిక్ చిత్రం ఈ ఊళ్లో సురక్షితమని అనుకోవడం కూడా పొరపాటే. ఆక్రిలిక్ పొర మామూలు వేడిలోనే కొంచెం మెత్తబడే స్వభావం కలది; మన ఎండాకాలంలో దాని మీద వాలిన ధూళి అతుక్కుని లోపలికి దిగుతుంది, తుడిచినా పూర్తిగా వదలదు. ధూళి పడే ఊళ్లో ఏ చిత్రానికైనా అద్దం మేలే. పాస్టెల్ ఆ అద్దాన్ని తప్పనిసరి చేస్తుంది, అంతే.

అద్దం బిగించే తీరులో మాత్రం శ్రద్ధ కావాలి. చిత్రం అద్దానికి తగలకూడదు, మధ్యలో మౌంటో సన్నని పట్టీనో పెట్టి ఖాళీ ఉంచాలి. తేలికగా ఉంటుందని ప్లాస్టిక్ షీటు వేయకూడదు, దాని స్థిరవిద్యుత్తు పాస్టెల్ రేణువులను పీకి తనవైపు లాక్కుంటుంది. వెనకవైపు మూసి, వానకు తడిసే బయటి గోడకు కాక లోపలి గోడకు తగిలించాలి. ఈ నాలుగు జాగ్రత్తలూ ఏ ఫ్రేముల దుకాణంలోనైనా పాటించగలిగినవే, అడిగేవారు ఉంటే. లా తూర్ చిత్రం రెండున్నర శతాబ్దాలు దాటి నిలిచిందంటే, పాస్టెల్ సహజంగా అల్పాయుష్షుది కాదని తెలుస్తూనే ఉంది. రంగుపొడి కాంతికి నిలిచేదైతే పాస్టెల్ నూనెరంగులా పసుపెక్కదు, పగలదు. పొడి రాలకుండా పట్టి ఉంచే ఫిక్సేటివ్ చల్లితే ఈ తిప్పలన్నీ తప్పుతాయి కదా అంటే, పైన చెప్పిన గాలి లెక్కే దానికి జవాబు. ఫిక్సేటివ్ రేణువుల మధ్య గాలిని తోసి రెజిన్ నింపుతుంది. లేత రంగులు, అందులోనూ తెలుపు, అక్కడే దెబ్బతింటాయి. మధ్య పూతల మీద పలచగా చల్లవచ్చు. చివరి వెలుగు పూత మీద మాత్రం చల్లకూడదు.

మూడోది ఖర్చు. సాఫ్ట్ పాస్టెల్స్ ఖరీదైనవి, మంచివి చాలావరకు దిగుమతి సరుకు, చిన్న ఊళ్లలో పాస్టెల్ అని అడిగితే ఆయిల్ పాస్టెల్స్ చేతిలో పెడతారు. ఈ రెండింటి తేడా గట్టిగా చెప్పాలి. నూనె, మైనం కలిసిన ఆయిల్ పాస్టెల్ వేరే జాతి. అది పూర్తిగా ఎండదు, దాని మీద ఆక్రిలిక్ నిలవదు. పిల్లల చేతికి అలవాటైనది అదే కాబట్టి పాస్టెల్ అంటే జిడ్డు ముక్క అనే భావం స్థిరపడింది. ఖర్చు విషయంలో ఈ పద్ధతే కొంత ఊరట. అడుగు పూతలు ఆక్రిలిక్‌వి కాబట్టి మొత్తం చిత్రాన్ని పాస్టెల్‌తో నింపనక్కరలేదు. పూలు ఉన్న చోట్లకే, పైపూతలకే ఆ ముక్కలు ఖర్చవుతాయి. డజను బాగా ఎంచుకున్న రంగులతో బంతి, చేమంతి, కనకాంబరం, సింహాచలం సంపెంగ వేయవచ్చు.

అంతకన్నా పెద్ద ఊరట మన చేతిలోనే ఉంది. పాస్టెల్ ముక్క తయారీకి కర్మాగారం అక్కరలేదు. రంగుపొడి, సుద్దపొడి, పలచటి జిగురునీళ్లు కలిపి ముద్దచేసి, చేత్తో చుట్టి నీడన ఆరబెడితే ముక్క తయారు. పాశ్చాత్య దేశాల్లో ఇందుకు పూర్వం నుంచి వాడే జిగురు ట్రాగకాంత్. ప్రపంచ వ్యాపారంలో దానికి బదులుగా పేరుపడినది కరాయా, అంటే తూర్పు కనుమల్లో మన గిరిజనులు సేకరించే తపసి జిగురు. దాన్ని కొనే గిరిజన సహకార సంస్థ 1956లో ఏర్పడింది, ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది. భీమిలి తీరపు ఇసుకలో గార్నెట్, ఇల్మనైట్ ఖనిజాలున్నాయి. గార్నెట్ గరుకు కాగితాలకు పనికొస్తే, ఇల్మనైట్ నుంచి తీసే టైటానియం డయాక్సైడే ఆక్రిలిక్ ట్యూబులోని తెలుపు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది, రసాయనశాస్త్ర విభాగం ఉంది. తపసి జిగురుతో పాస్టెల్ ముక్క ఏ పాళ్లలో నిలుస్తుంది, మన తేమలో దానికి బూజు ఎంత త్వరగా పడుతుంది, ఏ నిరోధకం కలపాలి అన్నది ఆ రెండు విభాగాలూ కలిసి ఒక విద్యా సంవత్సరంలో పరీక్షించగల సంగతి. ముడిసరుకు ఇక్కడే ఉన్నా దాని మీద ఆలోచన లేకపోవడమే ఇప్పటి కొరత.

నేర్చుకునేవారికి ఒకేసారి రెండు మాధ్యమాలు ఇస్తే తికమకపడతారనేది నాలుగో అభ్యంతరం. చిన్న తరగతుల పిల్లల విషయంలో దీన్ని ఒప్పుకుంటాను. పైగా పాస్టెల్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. చిత్రం మీది పొడిని ఊదకూడదు, మెల్లగా దులిపి, కింద రాలినదాన్ని తడిగుడ్డతో తుడవాలి, కాడ్మియం వంటి లోహాలున్న రంగులను పిల్లలకు దూరంగా ఉంచాలి. కానీ హైస్కూలు దాటినవారికి ఈ పద్ధతి తికమక తగ్గిస్తుంది. వెలుగునీడల పెద్ద నిర్ణయాలు ఆక్రిలిక్ దశలో, రంగుల సున్నితమైన నిర్ణయాలు పాస్టెల్ దశలో జరుగుతాయి. రెండు రకాల ఆలోచనలు రెండు దశల్లోకి విడిపోతాయి. తప్పు జరిగితే గట్టి కుంచెతో పాస్టెల్‌ను దులిపేసి, చెక్కుచెదరని అడుగు పూత మీద మళ్లీ మొదలుపెట్టవచ్చు. నీటిరంగులో ఆ వెసులుబాటు ఎక్కడిది?

చివరి అభ్యంతరం ఎవరూ పైకి అనరు కానీ చాలామంది మనసులో ఉన్నది. పూల బొమ్మ కోసం ఇంత ఆలోచన ఎందుకు, అది ముందుగది అలంకారమే కదా అని. ఈ చిన్నచూపుకు ఒక కారణం మనం చిత్రాలను ఎక్కడ చూశామన్నదే. తెలుగువారిలో అత్యధికులకు చిత్రకళ పరిచయమైంది పత్రికల ముఖచిత్రాల ద్వారా. కశింకోటలో ఉండి చందమామ, యువ పత్రికలకు బొమ్మలు వేసిన వడ్డాది పాపయ్య (1921–1992) మన కంటికి రంగుల రుచి నేర్పారు. కానీ అచ్చులో రంగు మిగులుతుంది, ఉపరితలం మిగలదు. మూలచిత్రం మెరుపూ పొడిదనమూ రెండూ ఒకే సిరాపొరగా చదునవుతాయి. ఇప్పుడు ఫోను తెర కూడా అదే చేస్తోంది. అందుకే పువ్వు బొమ్మ అంటే ఒక ఆకారం, ఒక రంగు అనుకుంటున్నాం. ఎదురుగా నిలబడి చూసినప్పుడు, తల కొంచెం పక్కకు జరిపితే పడవ మీది మెరుపు కదిలి, బంతి మాత్రం కదలకుండా వెలుగుతూ ఉండే చిత్రాన్ని ఏ తెరా చూపలేదు. పైగా మన పూలు కుండీలో ఉండవు. చేపల తట్ట పక్కన కూర్చున్న ఆమె కొప్పులో కనకాంబరాలుగా, పడవ ముక్కుకు దండగా, ఉప్పునీటి నడుమ, ఇనుము నడుమ ఉంటాయి. వాటిని చిత్రించడం అంటే ఈ ఊరి శ్రమను, భక్తిని, గాలిని కలిపి చూపడం. అది అలంకారం కాదు.

పద్ధతికి హద్దులూ ఉన్నాయి. ఎండకూ వానకూ నిలవాల్సిన బీచ్ రోడ్డు గోడల మీద పాస్టెల్‌కు చోటు లేదు. పొగమంచులో కొండలు, పాత గోడలు వంటి పూర్తిగా మెరుపులేని విషయాలకు ఒక్క పాస్టెల్ చాలు. చూసే వస్తువులో రెండు స్వభావాలు ఉన్నప్పుడే రెండు మాధ్యమాలకు న్యాయం, లేనప్పుడు అది ఆర్భాటమే. పూలకొమ్మలో ఆ రెండూ పుట్టుకతో ఉన్నాయి. అందుకే జరగవలసిన పనులు మూడు. పోటీలు, ప్రదర్శనలు నిర్వహించేవారు మిశ్రమ మాధ్యమాన్ని మినహాయింపుగా కాక మామూలు విభాగంగా పెట్టాలి. చిత్రం పక్కన చీటీలో అడుగున ఏముందో పైన ఏముందో రాయించాలి. చిత్రకళ నేర్పే సంస్థలు రంగుల తయారీని, తేమలో చిత్రాల సంరక్షణను బొమ్మ గీయడంతో సమానంగా పాఠంలో చేర్చాలి. చిత్రాలు కొనేవారు ఏ రంగు అని అడగడంతో ఆగకుండా, ఆ రంగు అక్కడ ఎందుకు అని అడగాలి. ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన చిత్రకారులు పెరిగిన రోజున మాధ్యమాల మధ్య పెద్దాచిన్నా తేడాలు వాటంతటవే పోతాయి.